అడ్వాన్సులో కోతలు

జూన్ 9, 2024, ఆదివారం

మేం ఖాళీ చేసిన ఇంటి ఓనరు ఎట్టకేలకు లెక్క పంపాడు. గీతల పుస్తకంలోంచి చింపిన కాగితం మీద రాసి, దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. పెయింటింగు 18,500. బెడ్‌రూం గోడ చెమ్మకు, పుట్టీకి 14,000. గీజరు 6,500. కొళాయిలు, షవరు 4,200. క్లీనింగు 4,000. వంటింటి అలమర తలుపు 2,800. నీళ్ళ ట్యాంకర్లు 6,000. గోడలకు మేకుల బొక్కలు 1,500. మొత్తం 57,500. మేమిచ్చిన అడ్వాన్సు లక్షా అరవై వేలు. "మిగతా 1,02,500 కొత్తవాళ్ళు అడ్వాన్సు ఇస్తానే వేస్తా" అని అడుగున ఒక ముక్క.

ఒక్కదానికీ బిల్లు లేదు. బెంగళూరు బొమ్మనహళ్ళిలో గార్మెంట్ ఫ్యాక్టరీలో నేను రాసేది అకౌంట్సు. దారం ఉండలు కొన్నా, డ్రైవరుకు టీ డబ్బులిచ్చినా ఓచరు లేకుండా మా దగ్గర రూపాయి కదలదు. 57,500 రూపాయలు ఒక చింపు కాగితం మీద ఎలా కొట్టేస్తారు?

మా ఆయన చూసి, "పోనీలే, లక్ష వస్తోంది కదా. ఊరుగాని ఊళ్ళో తగువెందుకు" అన్నారు. 2021లో లాక్‌డౌన్ దెబ్బకు జీతాలు సగం సగం వస్తున్న రోజుల్లో ఆ అడ్వాన్సు కట్టాం. హిందూపురంలో మా తమ్ముడు మరదలి గాజులు బ్యాంకులో పెట్టి లక్ష తెచ్చిచ్చాడు. ఇల్లు వదిలిన రోజు ఇస్తానని వాడికి నేనిచ్చిన మాట. పోనీలే అనడానికి ఆ సొమ్ము పూర్తిగా మాది కూడా కాదు.

జూన్ 12, బుధవారం

రాత్రి వంటపని అయ్యాక అగ్రిమెంటు తీసి మొదటినుంచి చివరిదాకా చదివాను. అందరిలాగే పదకొండు నెలలది. ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ లేకుండా ఊరంతా పదకొండు నెలలకే రాసుకుంటుంది. ప్రతిసారీ కొత్త కాగితం, అద్దె మీద ఇంకొంచెం. 16,000తో దిగాం, 18,500 దగ్గర ఖాళీ చేశాం.

కోతల సంగతి అందులో రెండుచోట్ల ఉంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఒక నెల అద్దె పట్టుకుంటారని ఒకచోట. "అద్దెదారు వల్ల జరిగిన నష్టం" అడ్వాన్సులోంచి తీసుకోవచ్చని ఇంకోచోట. పెయింటింగు షరతు అన్యాయమే. మూడేళ్ళు మనుషులు మసిలితే ఏ గోడకైనా రంగు మాస్తుంది, ఆ మాయడానికి కూడా కలిపే కదా నెలనెలా అద్దె కట్టేది! పైగా మేం దిగినప్పుడు ఆయన రంగు వేయించలేదు. మా ముందున్నవాళ్ళ దగ్గరా పెయింటింగుకని నెల అద్దె పట్టుకున్నాడని కింది వాటా ఆవిడ అప్పుడే చెప్పింది. అయినా సంతకం పెట్టాను కాబట్టి ఆ 18,500 జోలికి పోను. మిగతా 39,000 మాత్రం "అద్దెదారు వల్ల జరిగిన నష్టం" అన్న ఆ నాలుగు మాటల కిందికి రావాలి. ఏది వస్తుందో, ఏది రాదో ఒక్కొక్కటే చూడాలి.

జూన్ 16, ఆదివారం

తాళాలు చేతికొచ్చిన రోజు అమ్మమ్మకు చూపించాలని పాప ఇల్లంతా ఫోనులో తీసింది. ఆ ఫొటోలు తేదీతో సహా దాని గూగుల్ ఖాతాలో భద్రంగా ఉన్నాయి. ఇద్దరం కూర్చుని పెద్దవి చేసి చూశాం. హాలు గోడకు టీవీ పెట్టే చోట మేకుల బొక్కలు అప్పటికే ఉన్నాయి. దేవుడి అలమర పక్కన ఊడిన ప్లగ్గు, దాని చుట్టూ పెచ్చు లేచిన సున్నం. ఇప్పుడు 1,500 అడుగుతున్నది వీటికే.

గీజరు మీద అతికించిన రేకులో 2014 అని ఉంది. మేం దిగేటప్పటికే దానికి ఏడేళ్ళు. ఆ వీధికి కావేరి నీళ్ళు రావు, అంతా బోరు నీళ్ళే, ఒట్టి ఉప్పు. స్టీలు బకెట్ లోపల నీళ్ళు ఎంతవరకు నిలిస్తే అంతవరకు తెల్లటి గీత పడేది, చింతపండు పెట్టి తోమినా పోయేది కాదు. పోయినేడు నీళ్ళు వేడెక్కడం లేదని ప్లంబరును పిలిచాం. ఆయన గీజరు విప్పి కాయిల్ బయటికి లాగితే నాకు లోహం కనబడలేదు. వేలెడు మందాన తెల్లటి పెంకు. పానాతో తడితే పలకలు పలకలుగా రాలింది. "ఈ నీళ్ళకు ఏడాదికోసారి ఇంతేనక్కా" అన్నాడు. ఆ బాగుచేత డబ్బులు మేమే ఇచ్చాం, బిల్లు నా ఫైల్లో ఉంది. కొళాయిలూ షవరూ పూడిపోయింది కూడా ఈ ఉప్పుతోనే. బోరు ఆయనది, నీళ్ళు ఆయనవి. పదేళ్ళ గీజరు పోతే కొత్త గీజరు ఖరీదు మా అడ్వాన్సులో పట్టుకోవడం ఏం న్యాయం?

ఇక గోడ. మాది పై అంతస్తు, నెత్తిన డాబా. 2022 సెప్టెంబరు మొదట్లో, బెళ్ళందూరు వైపు రోడ్ల మీద జనం ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయిన ఆ వానల్లో, మా బెడ్‌రూంలో స్లాబు గోడను కలిసే మూలనుంచి నీళ్ళు దిగాయి. రంగు కింద బొబ్బలు లేచాయి, చుట్టూ గోధుమరంగు అంచు. కింది సగం మాత్రం పొడిగా ఉంది. అప్పుడే ఫొటో తీసి ఓనరుకు పంపాను. "వానలు పోనీమ్మా, చూపిస్తా" అని ఆయన జవాబు. ఆ జవాబు ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

అలమర తలుపు మాత్రం మా చేతుల్లోనే పోయింది. మడతబందు ఊడింది, పలక పగిలింది. దానికి సరైన ధర ఎంతైతే అంత ఇస్తాను.

జూన్ 23, ఆదివారం

ఓనరు ఇంటికి వెళ్ళి మాట్లాడి వచ్చాం. వాళ్ళావిడ మజ్జిగిచ్చింది. ఆయన గొంతు పెంచలేదు, నేనూ పెంచలేదు.

"ఏమ్మా, మూడేండ్లు మీ సొంతిల్లు మాదిరి ఉండారు. ఇప్పుడు లెక్కలడుగుతారా?" అన్నాడు.

"ఉన్నందుకు అద్దె ఇచ్చినాము కదన్నా. ఒక్క నెలన్నా ఆలీసమైందా?"

"గోడ చూస్తివా? బీరువా ఆనించి పెట్టినారు. గాలాడక పుట్టీ అంతా ఊడిపోయింది."

ఫోను తీసి సెప్టెంబరు మెసేజి చూపించాను. ఒక నిమిషం చదివి ఫోను తిరిగిచ్చేశాడు. "ఇక్కడ ఆచారం ఇదేనమ్మా. బెంగళూరులో ఎవరినన్నా అడుగు" అన్నాడు. కాసేపయ్యాక అసలు మాట బయటికొచ్చింది. "నీ దుడ్లు నా దగ్గర యాడుండాయి? మా ఇంటిపైన రెండు రూములు ఎత్తినా. కొత్తవాళ్ళు వస్తే వాళ్ళవి తీసి నీకియ్యాల."

ఈ ఊళ్ళో పదినెలల అడ్వాన్సు నడిచే తీరు ఇదే. మన సొమ్ము ఆయన దగ్గర వడ్డీ లేని అప్పు. మనం వెళ్ళేటప్పుడు తర్వాత వచ్చేవాళ్ళ సొమ్ము తీసి మనకిస్తారు, చేతికి తక్కువొచ్చిన మేరకు గోడలకూ కొళాయిలకూ లెక్క రాస్తారు. లక్షా అరవై వేలకు ఏడాదికి 6 శాతం లెక్కేసినా మూడేళ్ళకు 28,800 వడ్డీ. అది ఆయన ఇచ్చిందీ లేదు, మేం అడిగిందీ లేదు. అసలులోంచి కూడా తీసుకుంటుంటే ఊరుకోవడం నావల్ల కాదు.

జూలై 3, బుధవారం

ఫ్యాక్టరీ నుంచి అటే వెళ్ళి లాయరమ్మను కలిశాను. మా మేనేజరు బంధువు, చిన్న వయసు, ఓపికగా చెప్పింది.

కర్ణాటక అద్దె చట్టం, 1999 నాటిది, మాకు పనికిరాదు. బెంగళూరులో నెలకు 3,500 దాటిన అద్దెలు దాని పరిధిలో లేవు. ఇప్పుడు ఆ అద్దెకు గదైనా దొరకదు కాబట్టి దాదాపు అందరం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికే వస్తాం. అందులో 108వ సెక్షను నాకు చూపించింది. అద్దెకున్నవాళ్ళు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకూ మనిషి ఆపలేని ప్రకృతి శక్తులకూ మాత్రం వాళ్ళను పట్టకూడదు. నూట నలభై ఏళ్ళ కిందటే రాసిపెట్టారు! అయితే ఒప్పందంలో గానీ స్థానిక ఆచారంలో గానీ వేరేగా ఉంటే అది చెల్లుతుందని ఆ సెక్షను మొదట్లోనే ఉంది. ఆచారం ఆచారం అని ఓనరు ఊరికే అనడం లేదు. పెయింటింగుకు నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ ఆచారమే, మా ఒప్పందంలోనూ ఉంది. డాబా కారిన గోడకు మాత్రం ఒప్పందమూ లేదు, ఆచారమూ లేదు. పైగా ఆ గోడకు పెయింటింగు కింద ఒకసారి, పుట్టీ కింద ఇంకోసారి డబ్బు పట్టుకుంటున్నాడు.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని ఉందట. గోడల సున్నాలు, తలుపుల రంగులు, పైపుల మార్పిడి ఇంటివాళ్ళ బాధ్యత. కొళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు రిపేరు అద్దెకున్నవాళ్ళది. గీజరు రిపేరు మాదేనా అని అడిగాను. "రిపేరు మీదే, మీరు చేయించారు కూడా. కొత్తది కొనిపెట్టమని అందులో లేదు" అంది. ఏ రాష్ట్రమైనా తనంతట తాను చట్టం చేసుకుంటేనే ఈ నమూనా అక్కడ అమలవుతుంది. కర్ణాటక చేసుకోలేదు. రెండు నెలలే అన్న నియమం ఇక్కడుంటే మా మరదలి గాజులు బ్యాంకుకు వెళ్ళేవి కావు.

వాట్సాప్ మెసేజిలు చెరపొద్దని గట్టిగా చెప్పింది. మొన్న ఒకటో తేదీ నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఫోనులోని సమాచారాన్ని కోర్టులో పెట్టాలంటే దాని 63వ సెక్షను కింద సర్టిఫికెట్టు జత చేయాలి, అందుకని ఫోను మార్చకుండా అలాగే ఉంచుకోమంది. బాకీ కోసం దావా వేయడానికి మూడేళ్ళ గడువుంది. కానీ ఇంత చిన్న మొత్తానికి సివిల్ కోర్టు వద్దంది. ముందు ఉత్తరం, తర్వాత న్యాయ సేవాధికార సంస్థ.

జూలై 6, శనివారం

ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో, అక్‌నాలెడ్జిమెంటుతో వేశాను. రెండు పేజీలు. కోపం ఎక్కడా కనబడకుండా రాశాను. ఆయన లెక్కలోని వరస ప్రకారమే ఒక్కొక్క పద్దూ, దాని పక్కన నేను ఒప్పుకునేదెంత, ఒప్పుకోనిదెంత, ఎందుకు, దానికి రుజువేమిటి. ట్యాంకర్ల దగ్గర బిల్లులడిగాను. నెలకు వెయ్యి మెయింటెనెన్సు కట్టాం, అందులో నీళ్ళూ ఉన్నాయి. అయినా మార్చి నుంచి బోరు ఎండిన మాట నిజం, ఆయన ట్యాంకర్లు తెప్పించిన మాటా నిజం. ఐదు కిలోమీటర్లలోపు 12 వేల లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలని మార్చిలో జిల్లా యంత్రాంగం రేటు కట్టింది గానీ, ఆ రేటుకు మా వీధికి ఒక్క బండీ రాలేదు. ఆయన నిజంగా ఇచ్చిన రేటుకే, ఆరు ఇళ్ళలో మా వంతు ఇస్తానని రాశాను. తగాదా లేని 1,02,500 కొత్తవాళ్ళతో సంబంధం లేకుండా వెంటనే ఇవ్వాలని చివర రాశాను.

జూలై 15, సోమవారం

ఓనరు రమ్మన్నాడు. ముందే టైపు చేయించిన కాగితం పెట్టి సంతకం చేయమన్నాడు: "అడ్వాన్సు సొమ్ము పూర్తిగా ముట్టింది, ఇకపై ఎలాంటి బాకీ లేదు." సంతకం పెడితే 1,02,500 అప్పటికప్పుడే పంపుతానన్నాడు. మా ఆయన నా వైపు చూశారు. అంత మొత్తం కళ్ళముందు పెట్టి అడుగుతుంటే ఎవరికైనా చెయ్యి పెన్ను మీదికే పోతుంది. చాలామంది దగ్గర ఇలాగే రాయించుకుంటారు.

నేను వేరే కాగితం తీసి, "అడ్వాన్సులో 1,02,500 ముట్టింది, మిగతా సొమ్ముపై నా హక్కు వదులుకోలేదు" అని తెలుగులో రాశాను. ఆయన తెలుగు చదువుతాడు. "ఇది కుదరదమ్మా" అన్నాడు. లేచి వచ్చేశాం. దారిలో మా ఆయన ఏమీ అనలేదు. రాత్రి తొమ్మిదింటికి ఆ 1,02,500 అకౌంట్లో పడింది. ఆయన ఇంట్లో ఎవరో చెప్పి ఉంటారు.

లక్ష వెంటనే తమ్ముడికి పంపాను.

జూలై 27, శనివారం

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ ఇచ్చాను. దావా వేయకముందే ఇలాంటి తగాదాను రాజీకి తీసుకోవచ్చు, ఫీజు లేదు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. 15100కు ఫోను చేసినా ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ క్యాంటీనులో ఈ సంగతి చెబుతుంటే కుట్టు సెక్షనులో హెల్పరుగా చేసే అమ్మాయి పక్కకొచ్చి కూర్చుంది. మదనపల్లె వైపు పిల్ల. ఒంటిగది, అద్దె 4,500, అడ్వాన్సు 30,000. ఖాళీ చేస్తే 18,000 చేతిలో పెట్టి పంపారు. గోడలకు పసుపు మరకలున్నాయని, బాత్రూం తలుపు అడుగున నానిపోయిందని చెప్పారట. అగ్రిమెంటు లేదు. "కాగితమే లేదు కదక్కా, నేనేం అడుగుతా?" అంది. ఆ 12,000 ఆమెకు దాదాపు నెల జీతం. నాకు ఫైలుంది, లాయరమ్మ ఉంది, ఇంగ్లీషులో ఉత్తరం రాయడం వచ్చు. ఈ లైన్లలో కూర్చుని కుట్టే ఆడవాళ్ళకు అవేవీ లేవు. వాళ్ళ దగ్గర పట్టుకునే డబ్బును లెక్కవేసేవాళ్ళు కూడా లేరు. ఇంటికొచ్చాకా మనసు కుదుటపడలేదు.

ఆగస్టు 10, శనివారం

ఇద్దరినీ పిలిచారు. ఎదురుగా ప్యానెల్ లాయరు ఒకాయన. నా ఉత్తరం చదివి, ఓనరును అడిగింది ఒక్కటే: "బిల్లులు తెచ్చారా?" ఈసారి తెచ్చాడు.

ట్యాంకరు చీటీలు ఎనిమిది, ఒక్కొక్కటి 1,800. మొత్తం 14,400, ఆరిళ్ళకు పంచితే మా వంతు 2,400. అలమర తలుపుకు వడ్రంగి చీటీ 1,200. రెండూ అక్కడికక్కడే ఒప్పుకున్నాను. గీజరుకు, కొళాయిలకు బిల్లుల్లేవు. కొన్నాడో లేదో కూడా చెప్పలేకపోయాడు. మేకుల బొక్కలకు పాప ఫొటోలు చాలాయి.

చివరికి గోడ. పెయింటరు ఇచ్చిన బిల్లు పెట్టాడు. 14,000కు కింద విడివిడిగా రాసి ఉంది: పుట్టీ, ప్రైమరు, "డాబా మీద వాటర్‌ప్రూఫింగు". ప్యానెల్ లాయరు ఆ పంక్తి మీద వేలు పెట్టి బిల్లును ఓనరు వైపు తిప్పాడు. బీరువా ఆనించి పెట్టినందుకు గోడ చెమ్మగిల్లితే డాబాకు మందెందుకు పూయించాల్సి వచ్చిందని నేను అడిగాను. ఓనరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ పద్దు తీసెయ్యండి సార్" అన్నాడు.

క్లీనింగు దగ్గర ఆగిపోయింది. 4,000కు నిజమైన రసీదు ఉంది, తేదీ జూన్ 20. అంటే రంగులు వేశాక, నేల మీద పడిన చుక్కలు గీకించిన ఖర్చు. మేం సామాను దించి వచ్చాక మళ్ళీ వెళ్ళి ఇల్లంతా కడిగి అప్పగించాం, ఫొటోలున్నాయి. ఎంత చెప్పినా ఆయన దిగలేదు. ఆ 4,000 కోసం మిగతా రాజీ చెడగొట్టుకోవద్దని ప్యానెల్ లాయరు సలహా. వదులుకున్నాను. అది నాకు రావలసిన సొమ్మే అని ఇప్పటికీ అంటాను.

రాతకోతలయ్యాయి: ఓనరు రెండు వారాల్లో 31,400 ఇవ్వాలి. బయటికొచ్చాక ఆయన, "ముందే ఇట్ల కూర్చుని మాట్లాడుకునింటే అయిపోయేది కదమ్మా" అన్నాడు. "జూన్‌లో మీ ఇంటికొచ్చింది అందుకే కదన్నా" అన్నాను.

ఆగస్టు 24, శనివారం

31,400 వచ్చింది. పద్దు రాసుకున్నాను: అడ్వాన్సు 1,60,000; ముట్టింది 1,33,900; పోయింది 26,100. ఇందులో 22,100 నేను ఒప్పుకుని ఇచ్చింది.

కొత్త ఇంటికి ఇలాంటి తలనొప్పి రాకుండా ఖాళీ ఇంటి ఫొటోలు, మీటరు రీడింగు, గీజరు తయారైన ఏడాది, ఎక్కడెక్కడ గీతలున్నాయో అన్నీ రాసి ఈ ఓనరమ్మ చేత సంతకం పెట్టించాను. ఆమె ఏమీ అనుకోలేదు, తనకూ ఒక కాపీ తీసుకుంది.

మదనపల్లె అమ్మాయి సంగతి లాయరమ్మను అడిగాను. కాగితం లేకపోయినా ఫరవాలేదంది. నెలనెలా అద్దెకు ఉండేవాళ్ళకు నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది, ఇల్లు చేతికిచ్చి అద్దె తీసుకుంటే చాలు. అడ్వాన్సు ఫోన్‌పేలో పంపిందా, నోట్లిచ్చిందా అన్నదే ముఖ్యమట. పిల్లకు ఫోను చేసి అడిగితే 20,000 ఫోన్‌పే, 10,000 చేతికి అంది. పాత అద్దె మెసేజిలు కూడా ఉన్నాయట. సోమవారం డ్యూటీ దిగాక ఫోను, ఆధార్ కార్డు పట్టుకుని అకౌంట్స్ రూముకు రమ్మన్నాను. ముందు ఉత్తరం రాద్దాం, దానికి బదులు రాకపోతే అర్జీ.